గంటకెంత? ఎకరమునకెంత? – చిన్న ట్రాక్టరు డీజెలు లెక్క

“గంటకు ఎంత తాగుతది?”

చిన్న ట్రాక్టరు కొనదలచిన రైతు అడుగు మొదటి ప్రశ్న ఇది. అమ్మువారు వెంటనే ఒక అంకె చెప్పుదురు. రైతు ఆ అంకెను పొరుగువాని బండి అంకెతో పోల్చి, తక్కువైన దానిని మెచ్చుకొని ఇంటికి వచ్చును. ప్రశ్న సహజమైనదే. కాని అది సగము ప్రశ్న మాత్రమేనని మా అభిప్రాయము. గంటకు తక్కువ త్రాగు బండి ఎకరమునకు ఎక్కువ త్రాగవచ్చును. ఒకే బండి ఒక చేలో పొదుపరిగా, గట్టు దాటి ప్రక్క చేలోనికి పోగానే దుబారాగా మారవచ్చును. ఇది ఎట్లు జరుగునో, అందువలన ఎవరి జేబునకు చిల్లు పడునో ఈ వ్యాసమున లెక్క వేసి చూపుటకు యత్నించెదము.

మా లెక్కకు రంగస్థలము మన ప్రాంతమే. ఖమ్మము నుండి ఈశాన్యముగా కొత్తగూడెము, పాల్వంచ, సారపాకల మీదుగా గోదావరి దాటి భద్రాచలము చేరు దారికి ఇరువైపుల అడవియు సేద్యమును ఒకదానిలో ఒకటి చొచ్చుకొని యున్నవి. 1953లో వరంగల్లు నుండి విడిపడి ఏర్పడిన ఖమ్మము జిల్లాలో 1959లో భద్రాచలము ప్రాంతము చేరినది. 2016 నుండి ఈ అడవి అంచు చాలవరకు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. జిల్లాల సరిహద్దులు మారినను నేలలు మారలేదు. ఎత్తు మీద ఎర్ర చల్క, పల్లములో నల్ల రేగడి, గోదావరి ఒడ్డున ఒండ్రు. చర్ల, దుమ్ముగూడెముల వైపు మిరప, అంతటను పత్తి, కిన్నెరసాని, తాలిపేరు నీరు పారుచోట వరి, అశ్వారావుపేట, దమ్మపేటల యందు ఆయిల్ పామ్ తోటలు కానవచ్చును. చేలు చిన్నవి. రెండెకరములు ఇక్కడ, ఎకరమున్నర వాగు అవతల, నడుమ అడవి. అట్టిచోట నలుబది, ఏబది అశ్వశక్తుల పెద్ద ట్రాక్టరు తిరుగుటకే ఇరుకు. కావుననే 15 మొదలు 30 అశ్వశక్తుల లోపు చిన్న ట్రాక్టర్లకు ఇచట ఆదరణ కలిగినది. బెంగుళూరి వి.ఎస్.టి. వారి మిత్సుబిషి శక్తి 18న్నర అశ్వశక్తులది; మహీంద్రా వారి యువరాజ్ 215 పదునైదు అశ్వశక్తులది. మన రాష్ట్రములోని జహీరాబాదునందే 2023 నుండి ఓజా అను పేర చిన్న ట్రాక్టర్లు తయారగుచున్నవి. పత్తి సాళ్ళ నడుమ దూరి పోగలుగుట వీని గొప్ప సుగుణము.

ఇక డీజెలు సంగతి. లీటరు డీజెలు బరువు సుమారు 830 గ్రాములు. అది పూర్తిగా మండినచో సుమారు 8,600 కిలో కాలరీల వేడి పుట్టును. ఒక అశ్వశక్తి – వాడుకలో హార్స్ పవర్ – గంటసేపు చేయు పనికి సరియైన వేడి 632 కిలో కాలరీలు. భాగించి చూచినచో లీటరులో పదమూడున్నర అశ్వశక్తి-గంటల పని దాగియున్నదని తేలును. ఎడ్ల జత రమారమి ఒక అశ్వశక్తితో గుంజును గనుక, లీటరు డీజెలు ఎడ్లకు రెండు దినముల చాకిరి. ఇది కాగితము మీది మాట. తగినంత భారము మీద నడచు మంచి చిన్న ఇంజను ఆ పదమూడున్నరలో నాలుగున్నరకు మించి ఇవ్వజాలదు. మిగిలినది రేడియేటరు ద్వారా, పొగగొట్టము ద్వారా వేడియై పోవును. ఆ నాలుగున్నరలో మరల కొంత గేర్లలో, ఎక్కువ భాగము చక్రము మట్టిని తన్నుకొను తావున హరించుకొని పోవగా, గొర్రును లాగు కొక్కెము వద్దకు చేరునది రెండో, రెండుంబావో.

భారము తక్కువైనపుడు ఇంజను పొదుపుగా నడచునని కొందరి భ్రమ. గంట లెక్కన చూచినచో డీజెలు తగ్గునన్న మాట నిజమే. కాని పని లెక్కన చూచినచో పెరుగును. పిస్టన్ల రాపిడికి, ఫ్యానుకు, పంపులకు పట్టు ఖర్చు, గొర్రు నేలలో నున్నను పైన నున్నను ఒకటే. ఇద్దరికి వండినను పదిమందికి వండినను పొయ్యి రాజుకొనుటకు పట్టు కట్టెలు అవే కదా! నిండు భారములో ఒక అశ్వశక్తి-గంటకు 190 గ్రాముల డీజెలు చాలిన ఇంజను, అయిదవ వంతు భారములో 300 గ్రాముల వరకు కోరును. ఊరక నిలిచి గుడగుడలాడు ఇంజను గంటకు అర లీటరునకు పైగా త్రాగుచు ఏ పనియు చేయదు.

ఇంతవరకు ఇంజను మాట. ఇప్పుడు నేల మాట చెప్పుకొందము. అసలు కథ ఇక్కడనే ఉన్నది.

దుక్కి అనగా మట్టిని కోసి కదల్చుట. కోత యొక్క అడ్డుకొలత వెడల్పు, లోతుల లబ్ధము; ఒక్కొక్క చదరపు సెంటీమీటరు కోతకు నేల ఇంత అని ఎదురు బలము చూపును. పదునుగా నున్న చల్కకు దీనిని 0.3 కిలోగాను, రేగడికి 0.7 కిలోగాను తీసికొందము. రేగడి ఎండి బిగిసినచో ఇంకను పెరుగును. ఈడ్పు బలమును కిలోలలో, వేగమును గంటకు కిలోమీటర్లలో తీసికొని గుణించి 270 చేత భాగించినచో కావలసిన అశ్వశక్తి వచ్చును. పాఠకులు తమ బండికి తామే వేసికొనదగిన లెక్క గనుక సూత్రము నిచ్చితిమి. క్రింది అంకెలు టన్ను బరువు గల 25 అశ్వశక్తుల ఉదాహరణ ట్రాక్టరునకు మేము వేసినవి. నేల, తేమ, బండి వయసు, తోలువాని చేతివాటము ననుసరించి ఇవి అటునిటు కదలును. వాని నడుమ గల నిష్పత్తి మాత్రము అంతగా కదలదు.

మొదట చల్క. ఐదు పళ్ళ గొర్రు, వెడల్పు 110 సెంటీమీటర్లు, లోతు 12. ఈడ్పు దాదాపు 400 కిలోలు. గంటకు 4 కిలోమీటర్ల నడకకు కొక్కెము వద్ద 6 అశ్వశక్తులు చాలును. గేర్లలోను చక్రముల వద్దను సగము పోవునని లెక్కించినచో ఇంజను 11 పైచిలుకు ఇవ్వవలెను. డీజెలు గంటకు సుమారు 3 లీటర్లు. మలుపులకు నాల్గవ వంతు కాలము పోగా గంటకు ఎకరములో ఎనిమిది పాళ్ళు తెమలును. అనగా ఎకరమునకు గంటా పావు, 3.7 లీటర్లు. ఎడ్ల నాగలితో ఇదే ఎకరము దున్ను రైతు 15 సెంటీమీటర్ల చాలు చొప్పున 27 కిలోమీటర్లు నడచునని గుర్తుంచుకొన్నచో, ఈ 3.7 లీటర్లను ఎవరును ఆక్షేపింపరు.

అదే బండిని గట్టు అవతలి రేగడిలోనికి దింపుదము. అదే గొర్రు, అదే లోతు. ఈడ్పు 920 కిలోలు దాటును. టన్ను బరువు గల బండి తన బరువంత బరువును నేల మీద గుంజలేదు. చక్రములు నిలిచినచోటనే గిరగిర తిరుగును. కావున తోలువాడు రెండు పళ్ళు విప్పివేయును. మిగిలిన మూడు పళ్ళకు 66 సెంటీమీటర్ల వెడల్పు, 550 కిలోల ఈడ్పు. వేగము 3 కిలోమీటర్లకు దిగును. చక్రము నాలుగు చుట్లు తిరిగిన చోట మూడు చుట్ల దూరమే బండి సాగును. ఇంజను 14 అశ్వశక్తులు ఇచ్చుచు గంటకు 3.6 లీటర్లు త్రాగును. చల్కలో 3, ఇక్కడ 3.6. గంట లెక్క చూచు రైతునకు పెద్ద తేడా కనబడదు. కాని ఈ నేలలో గంటకు ఎకరములో మూడవ వంతు కంటె కొంచెము ఎక్కువ మాత్రమే తెమలును. ఎకరము ముగియుటకు రెండుగంటల నలుబది నిమిషములు దాటును. డీజెలు దాదాపు 10 లీటర్లు.

ఇదే రేగడిలో 45 అశ్వశక్తుల పెద్ద ట్రాక్టరు ఐదు పళ్ళతో 4 కిలోమీటర్ల వేగమున సాగినచో గంటకు 6 లీటర్లు త్రాగును. ఆ అంకె వినగానే మన రైతు గుండె పట్టుకొనును. కాని అది గంటా పావులో ఎకరము ముగించును గనుక ఎకరమునకు పట్టునది ఏడున్నర లీటర్ల లోపే. గంటకు తక్కువ త్రాగునది ఎకరమునకు ఎక్కువ త్రాగుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. రేగడి లోతు దుక్కికి పెద్ద బండిని కిరాయికి పిలిచి, తక్కిన పనులకు సొంత చిన్న బండిని వాడుకొను రైతు తెలివిగలవాడని మా నమ్మకము. సొంత బండి యుండగా పరుల బండిని పిలుచుట నామోషీ అను తలపు ఖరీదైనది.

తక్కిన పనులన్నింటిలో చిన్న బండికి తిరుగులేని చోటు పత్తి సాళ్ళ నడుమ పాటు. సాలుకు సాలుకు మీటరు ఎడము. మూడు పళ్ళ తేలిక గొర్రుతో పైపైన కదల్చుట. ఇంజనుకు నాలుగు అశ్వశక్తులు కూడ పట్టవు. డీజెలు గంటకు లీటరున్నర లోపు, ఎకరమునకు రెండున్నర లీటర్లు. పెద్ద బండి ఇక్కడ ప్రవేశించనే లేదు. మిరపకు మందు కొట్టుట కూడ తేలిక పనియే, అయితే పి.టి.ఓ. ఇరుసు నిమిషమునకు 540 చుట్లు తిరుగుటకై ఇంజనును వేగముగా తిప్పవలసి వచ్చును గనుక, పని స్వల్పమైనను డీజెలు అంత స్వల్పము కాదు. మందు డ్రమ్ము నింపునంతసేపు బండిని నడుపుచునే యుంచు అలవాటు దీనికి తోడు.

రోటావేటరు కథ వేరు. దీని కత్తులకు శక్తి పి.టి.ఓ. ద్వారా నేరుగా అందును; చక్రములు గుంజవలసిన పని తక్కువ. పైగా తిరుగు కత్తులు బండిని ముందుకు నెట్టును. జారుడు నష్టము లేకపోయినను మట్టిని పిండి చేయుటకు ఇంజను నిండు భారము మోయవలెను. గంటకు నాలుగున్నర లీటర్లు, ఎకరమునకు 9 లీటర్లు. చూచుటకు ఎక్కువే. కాని గొర్రుతో రెండుసార్లు దున్ని, గుంటక త్రిప్పినను చల్కలో అంతకే వచ్చును. ఒక్క తడవలో విత్తుటకు నేల సిద్ధమగుచున్నదా లేదా అన్నదే చూడవలసినది. రోటావేటరు వేసిన పిమ్మట మరల గొర్రు వేయువాడు రెండు విధముల నష్టపడును. పోడు కొట్టిన పాత చెలకలలో మోళ్ళు, రాళ్ళు మిగిలియుండును గనుక కత్తులు విరుగు ప్రమాదము కూడ లెక్కలో చేర్చవలెను. వరి మడి దమ్ములో తేలిక బరువు చిన్న బండికి మేలు, కూరుకుపోదు. ఇనుప చక్రములు తగిలించినను జారుడు తప్పదు. నీరు పలుచగా నిలిపి, ముందు ఒకటి రెండు దినములు నేలను నాననిచ్చినచో డీజెలు కలిసివచ్చును.

రవాణా గురించి కొందరు అడుగరు, అడుగవలెను. ట్రక్కు, సరకు, బండి కలిసి మూడున్నర టన్నులు అనుకొందము. తారు రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగమున లీటరుకు ఆరు కిలోమీటర్లకు పైగా వచ్చును. అదే బరువు వానకాలపు అడవి దారిలో, బురదలో, 5 కిలోమీటర్ల వేగమున పోయినచో లీటరుకు ఒకటింబావు కిలోమీటరు వచ్చుట గగనము. అడవి అంచున పంటను వానలు వెనుకబట్టిన తరువాత తరలించుకొను పెద్దల పద్ధతిలో ఈ లెక్క ఉన్నది, వారు కాగితము మీద వేయకపోయినను.

ఉత్త ప్రయాణమును మరువరాదు. పది కిలోమీటర్ల దూరపు ఊరి నుండి ఒక ఎకరము దున్నుటకు బండి వచ్చి పోయినచో రానుపోను రెండున్నర లీటర్లు దారికే సరి. దుక్కికి పట్టినది 3.7. అనగా మూడింట రెండు వంతుల అదనపు పన్ను! ప్రక్కప్రక్క చేల రైతులు నలుగురు కూడి ఒకేనాడు బండిని పిలిపించుకొన్నచో ఆ పన్ను నాలుగవ వంతునకు దిగును. డీజెలు బంకులు పట్టణములందుండి, డబ్బాలతో తెచ్చుకొను ఊళ్ళకు ఇది మరింత వర్తించును.

ఇక కిరాయి. ‘కిరాయి’, ‘ఖర్చు’, ‘జమ’, ‘బాకీ’ – మన తెలుగు రైతు లెక్క చెప్పునపుడు వచ్చు మాటలన్నియు ఉర్దూ వాకిట నడచి వచ్చినవే. మాటలు రెండు భాషలకు ఉమ్మడియైనట్లే తగవును ఉమ్మడిదే. కిరాయి రెండు విధములు: గంట లెక్క, ఎకరము లెక్క. లెక్క సులువు కొరకు లీటరు నూరు రూపాయలనుకొందము. గంట లెక్కన రేగడికి పోయిన యజమానికి చల్కతో పోల్చినచో గంటకు అరువది రూపాయల డీజెలే అదనము, ఆయనకు బాధ లేదు. ఎకరమునకు గంటా పావునకు బదులు రెండుంముప్పావు గంటల కిరాయి చెల్లించు రైతు మునుగును. ఎకరము లెక్కన, చల్కకు రేగడికి ఒకే ధర మాటలాడుకొన్నచో రైతు బ్రతికి, యజమాని ఎకరమునకు ఆరు వందల రూపాయల డీజెలు చేతి నుండి పెట్టుకొనును. చిన్న బండి యజమాని కూడ తరచుగా రెండెకరముల రైతే. బ్యాంకు కిస్తీ కట్టుటకే కిరాయికి తోలుచున్నాడు. ఈ నష్టమును పూడ్చుకొనుటకు ఆయన చేయగలిగినది ఒక్కటే, లోతు తగ్గించుట. గొర్రును రెండంగుళములు పైకెత్తినచో వెనుక నడచువానికి వెంటనే తెలియదు. వేరు దిగనపుడు, ఆశ్వయుజములో తెలియును. కావున బేరము నాడే నేలకు తగిన ధరయు, లోతును మాటలాడుకొని, చాలులో పుల్ల గ్రుచ్చి చూచుకొనుట ఇరువురకు మర్యాద.

ప్రచారపు అంకెలను నమ్మి మోసపోవుట మనకు మాత్రమే పట్టిన గతి కాదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున క్రోజియర్ అను రైతు చెడ్డ ట్రాక్టర్లు కొని విసిగి, శాసనసభ్యుడై, 1919లో ఒక చట్టము రావడానికి కారకుడైనాడు. పరీక్షింపబడని ట్రాక్టరును ఆ రాష్ట్రములో అమ్మరాదని ఆ చట్టము నాడు శాసించినది. 1920లో మొదటి పరీక్ష జరిగినది. మన దేశమున మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుండి కేంద్ర ప్రభుత్వ సంస్థ యున్నది. దక్షిణాదికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలో అట్టిదే మరొకటి కలదు. బుద్నీ పరీక్షా నివేదికలలో నిండు భారమునకు, పాక్షిక భారమునకు, కొక్కెము ఈడ్పునకు వేరువేరుగా ఇంధన వ్యయము చూపుదురు. కొనువాడు అమ్మువారిని అడుగవలసినది ఆ నివేదికను.

బండి ఇంటికి వచ్చిన పిమ్మట పొదుపు తోలువాని చేతిలో నున్నది. తేలిక పనిలో తక్కువ గేరులో నిండు రేసు ఇచ్చి తోలుటకంటె, పై గేరులో రేసు తగ్గించి అదే వేగమున తోలినచో డీజెలు అయిదింట ఒక వంతు దాకా మిగులును. నల్లని పొగ వచ్చినచో భారము మించినదనియో, గాలి జాలి దుమ్ముతో మూసికొన్నదనియో గ్రహించి గేరు దించవలెను, లేదా జాలి శుభ్రపరచవలెను. చేను పొడవువెంట దున్నుట మరొకటి. 64 మీటర్ల చదరపు ఎకరములో 58 మలుపులు. నూరు మీటర్ల పొడవు, నలుబది మీటర్ల వెడల్పు గల ఎకరములో పొడవున దున్నినచో 36 మాత్రమే. రోజుకు రెండు గంటలు నిలిచి గుడగుడలాడిన ఇంజను అరువది రోజుల సీజనులో డెబ్బది లీటర్లు మ్రింగును, అనగా ఏడు వేల రూపాయలు.

జారుడును కొలుచుటకు పరికరమేమియు అక్కరలేదు. వెనుక చక్రముపై సుద్దతో గీత గీసి, గొర్రు పైకెత్తి, అదే చేలో పది చుట్లకు బండి పోయిన దూరమును అడుగులతో కొలువవలెను. తరువాత గొర్రు దించి మరల పది చుట్లు. మొదటిది నూరడుగులు, రెండవది ఎనుబదియైదైనచో జారుడు నూటికి పదునైదు, అంతవరకు క్షమింపవచ్చును. డెబ్బదికి దిగినచో పన్ను విప్పవలెను, లేదా చక్రములకు నీరు నింపి బరువు పెంచవలెను, అదియు గాక నేల పదునుకు వచ్చువరకు రెండు దినములు ఆగవలెను.

డీజెలు కొలుచుట ఇంకను సులువు. చదునైన చోట బండి నిలిపి ట్యాంకును మూతి వరకు నింపి, పని ముగించుకొని వచ్చి, అదే చోట అదే విధముగా నిలిపి, లీటరు కొలపాత్రతో మరల మూతి వరకు పోయవలెను. పోసినది ఎంతో, పట్టినది అంత. ఆ అంకె ప్రక్కన తేదీ, చేను పేరు, నేల, పని, లోతు, ఎకరములు వ్రాయవలెను. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో ఇట్టి బండి యున్నది. ఈ వానకాలము మొదటి దుక్కి నాడు తండ్రి ప్రక్కన ఒక నోటు పుస్తకముతో నిలువగలవారు, చల్కకు ఒక పుట, రేగడికి ఒక పుట విడిగా పెట్టుకొందురు గాక.